లేవని డిస్కు: మొదటి 512 బైట్ల కథ

కంప్యూటరు మొరాయిస్తే మనవాళ్ళు "సిస్టం లేవడం లేదండీ" అంటారు. ఇంగ్లీషువారి 'బూటు' కంటె నాకు ఈ 'లేవడమే' బాగుంటుంది. లేవనివాడు గాఢనిద్రలో ఉండవచ్చు, మూర్ఛలో ఉండవచ్చు, కాలం చేసి ఉండవచ్చు. ఆ మాట మూడింటికీ చోటిస్తుంది. అయితే దాని వెంటనే, దాదాపు అదే ఊపిరిలో, మరొక మాట వస్తుంది: "డిస్కు పోయింది." ఈ రెండు వాక్యాలకూ మధ్య ఉన్న దూరం చాలా పెద్దది. ఆ దూరాన్ని ఎవరూ నడిచి చూడకపోవడం వల్ల పోయిన రాతలు, నిజంగా డిస్కు చచ్చి పోయిన రాతలకంటె తక్కువేమీ కావని నా అభిప్రాయం. ఆ దూరం ఎలా ఏర్పడిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఇంగ్లీషులో బూటు అన్న మాట, తన బూట్ల పట్టీలు తానే పట్టుకు లాగి తనను తాను పైకెత్తుకోవడం అన్న హాస్యోక్తి నుంచి వచ్చింది. మన తార్కికులు ఇదే అసాధ్యాన్ని మరో విధంగా చెబుతారు: ఎంత సుశిక్షితుడైన నటుడైనా తన భుజం తానెక్కలేడని. కంప్యూటరు ప్రతి ఉదయమూ సరిగ్గా ఆ పనే చేసి చూపించాలి. డిస్కులో ఉన్న ప్రోగ్రామును మెమరీలోకి తెచ్చేది మరొక ప్రోగ్రాము. మరి ఆ తెచ్చే ప్రోగ్రామును తెచ్చేదెవరు?

తొలినాళ్ళలో ఆ 'ఎవరు' మనిషే. 1952లో ప్రకటించిన ఐబిఎమ్ 701 యంత్రానికి 'లోడ్' అనే మీట ఉండేది. దాన్ని నొక్కితే పంచికార్డు నుంచో, టేపు నుంచో, డ్రమ్ము నుంచో మొట్టమొదటి 36 బిట్లు మెమరీలోకి వచ్చేవి. అవి తమ వెనకవాటిని లాక్కువచ్చేవి. 1975లో వచ్చిన ఆల్టెయిర్ 8800కు ఆ మీట కూడా లేదు. కాగితపు టేపు నుంచి బేసిక్ భాష ఎక్కించాలంటే ముందు ఒక బుల్లి ప్రోగ్రామును యంత్రం ముఖాన ఉన్న స్విచ్చులతో, ఒక్కొక్క బిట్టే, చేత్తో ఎక్కించాలి. ఒక్క స్విచ్చి పైకి పోవలసింది కిందికి పోతే కథ మళ్ళీ మొదటికి. కష్టమే, కాదనను. కానీ అక్కడ యంత్రం లేవకపోతే తప్పెక్కడ జరిగిందో వెతకడానికి తన వేళ్ళు చూసుకుంటే సరిపోయేది.

1981 ఆగస్టులో వచ్చిన ఐబిఎమ్ పీసీ ఆ మీట పనిని తన రామ్‌కు కాదు, రోమ్‌కు అప్పగించింది. రోమ్ అంటే కర్మాగారంలోనే రాసి పంపిన, కరెంటు పోయినా చెరగని చిప్పు. దానిలో ఉన్న ప్రోగ్రామునే బయోసు అంటాం. ఆ పీసీలో హార్డుడిస్కు లేదు. బయోసు ఫ్లాపీ డ్రైవు వైపు చూసేది. ఫ్లాపీ ఉంటే దాని మొదటి సెక్టారును మెమరీలో 31744వ చిరునామా దగ్గర పెట్టి, పగ్గాలు దానికిచ్చేది. లేకపోతే రోములోనే కూర్చున్న బేసిక్ భాష తెర మీదకి వచ్చేది. క్యాసెట్ టేపు మీద ప్రోగ్రాములు దాచుకునే కాలం కాబట్టి అది సబబైన ఏర్పాటే. ఈ చిన్న విషయం గుర్తుపెట్టుకోండి, దీనితో తరవాత పని పడుతుంది.

అసలు కథ 1983 మార్చిలో పీసీ ఎక్స్‌టీతో మొదలవుతుంది. దానిలో 10 మెగాబైట్ల హార్డుడిస్కు, దానికి తోడుగా పీసీ డాస్ 2.0. ఒకే డిస్కును నాలుగు భాగాల వరకు చేసుకొని, ఒక్కో భాగంలో ఒక్కో ఆపరేటింగ్ సిస్టమును ఉంచుకునే వీలు కల్పించారు. మరి ఆ పంపకం కాగితం ఎక్కడ దాచాలి? డిస్కులో అన్నిటికంటె ముందుండే సెక్టారులో దాచారు. సెక్టారు అంటే 512 బైట్లు. అందులో మొదటి 446 బైట్లు ఒక చిన్న ప్రోగ్రాముకు. తరవాతి 64 బైట్లు పంపకం పట్టికకు, భాగానికి 16 చొప్పున. చివరి రెండు బైట్లు ముద్ర వంటివి: 85, 170. (వీటిని ద్విసంఖ్యామానంలో రాసి చూడండి. 01010101, 10101010. ఒకటి ఉన్నచోట రెండోదానిలో సున్న. ఎవరి రసికతో గాని, చక్కగా ఉంది.) ఈ సెక్టారుకు మాస్టర్ బూట్ రికార్డు అని పేరు.

నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే విషయం ఒకటుంది. ఏ ఫైలు డిస్కులో ఎక్కడుందో చెప్పే పట్టికను డాస్ రెండు ప్రతులు దాచేది. ఒకటి చెడితే రెండోది ఉంటుందని. కానీ ఆ రెండు ప్రతులూ ఉన్న ఇంటికి దారి చెప్పే ఈ మొదటి సెక్టారుకు మాత్రం ఒకే ప్రతి. ఊళ్ళో కరణం దగ్గరి అడంగలు కాలిపోతే పొలం ఎక్కడికీ పోదు, మట్టి మట్టిగానే ఉంటుంది. అయినా ఆ ఏడు ఎవరి పొలం ఎక్కడిదాకా అన్నది ఎవరూ చెప్పలేరు. మాస్టర్ బూట్ రికార్డు పోయిన డిస్కుది అదే స్థితి. లక్షల సెక్టార్లు క్షేమంగా ఉంటాయి. ఒక్క సెక్టారు ఉండదు. యంత్రం లేవదు.

ఆ 446 బైట్ల ప్రోగ్రాము చేసే పని సులభం. పట్టికలో నాలుగు వరసలూ చూస్తుంది. 128 అన్న గుర్తు ఉన్న భాగమే లేవవలసిన భాగం. దాని మొదటి సెక్టారును చదివి, చివర 85, 170 ముద్ర ఉన్నదో లేదో చూసి, ఉంటే పగ్గాలు అప్పగిస్తుంది. చెప్పడానికి దాని దగ్గర మూడే ఫిర్యాదులు. పంపకం పట్టిక చెల్లదు అన్నది ఒకటి: గుర్తులు తికమకగా ఉన్నాయని అర్థం. ఆపరేటింగ్ సిస్టము ఎక్కించడంలో దోషం అన్నది రెండోది: సెక్టారును చదవబోతే చదవడం కుదరలేదని. ఆపరేటింగ్ సిస్టము కనబడలేదు అన్నది మూడోది: చదివాను గాని ముద్ర లేదని. మూడూ మూడు వేరు వేరు రోగాలు. మొదటిదానికీ మూడోదానికీ డిస్కు భౌతికంగా చెడనక్కరలేదు. రెండోది కనిపిస్తే మాత్రం చేతులు కట్టుకొని ఆలోచించాలి, ఎందుకంటే అక్కడ చదువు ఆగిపోతున్నది. తెర మీద కనిపించిన వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా రాసుకోవడం ఎందుకు అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది. "ఏదో ఇంగ్లీషులో వచ్చిందండీ" అన్న ఫిర్యాదుతో ఏ వైద్యుడూ ఏమీ చేయలేడు.

ఇక ఇందాక గుర్తుపెట్టుకోమన్న సంగతి. పట్టికలో ఏ భాగానికీ 128 గుర్తు లేకపోతే? అప్పుడు ఆ ప్రోగ్రాము మళ్ళీ బయోసుకే పగ్గాలిచ్చేస్తుంది. బయోసు పాత అలవాటు చొప్పున బేసిక్‌ను పిలుస్తుంది. ఐబిఎమ్ యంత్రాల్లో బేసిక్ పలికేది. కానీ దాన్ని అనుకరించిన ఇతర సంస్థల యంత్రాల్లో రోములో బేసిక్ లేదు. అందువల్ల వాటిలో కొన్ని 'రోములో బేసిక్ లేదు, యంత్రం ఆగిపోయింది' అని ప్రకటించేవి. 1990లలో ఆ సందేశం చూసి బెంబేలెత్తని వాడు లేడు. బేసిక్ ఎవడడిగాడు? జరిగినదల్లా ఒక బైటులో 128 ఉండవలసిన చోట సున్న ఉండటం. పదేళ్ళ కిందటి క్యాసెట్ టేపు కాలపు శిథిలం ఒకటి లేచి వచ్చి, మనకు అర్థం కాని భాషలో ఏదో చెప్పిపోయేది.

ఫ్లాపీల సంగతి మరీ విచిత్రం. డ్రైవులో ఫ్లాపీ మరిచిపోయి కంప్యూటరు ఆన్ చేస్తే, 'ఇది సిస్టము డిస్కు కాదు, మార్చి ఏదో ఒక మీట నొక్కండి' అనే సందేశం వచ్చేది. చాలామంది అది తమ హార్డుడిస్కును ఉద్దేశించిన తిట్టు అనుకొని హడలిపోయేవారు. ఆ సందేశం హార్డుడిస్కుది కాదు, బయోసుదీ కాదు. డాసులో ఫార్మాట్ చేసిన ప్రతి ఫ్లాపీ మొదటి సెక్టారులోనూ ఒక చిన్న ప్రోగ్రాము ఉంటుంది. ఆ ఫ్లాపీ తనను గురించి తానే చెప్పుకున్న మాట అది. ఫ్లాపీ బయటికి లాగితే రోగం కుదిరినట్టే. తరవాతి కాలంలో ఫ్లాపీ పోయి పెన్‌డ్రైవు వచ్చింది గాని ఆ ప్రహసనం మారలేదు. ఎక్స్‌పీ కాలంలో వచ్చే 'ఎన్‌టీఎల్‌డీఆర్ కనబడటం లేదు' అన్న సందేశానికి కూడా ఎన్నోసార్లు కారణం, వెనక ఎక్కడో గుచ్చి వదిలేసిన ఒక పెన్‌డ్రైవే.

అయితే ఫ్లాపీ చెప్పిన ఆ మాటలో ఒక ప్రమాదం దాగి ఉంది. 'ఇది సిస్టము డిస్కు కాదు' అని చెప్పడానికి కూడా ఒక ప్రోగ్రాము నడిచింది కదా! ఆ నడిచే చోటనే వైరసు కాపురం పెట్టింది. 1986లో లాహోరులో పుట్టిన 'బ్రెయిన్' ఫ్లాపీల మొదటి సెక్టారుకే పరిమితం. 1987లో న్యూజిలాండులో పుట్టిన 'స్టోన్డ్' హార్డుడిస్కు మొదటి సెక్టారుకే ఎసరు పెట్టింది. అసలు మాస్టర్ బూట్ రికార్డును ఎత్తి అదే ట్రాకులో మరొక సెక్టారులో దాచి, దాని స్థానంలో తాను కూర్చునేది. డిస్కులో మొదటి ట్రాకున మిగిలిన సెక్టార్లను డాస్ వాడదు, అది ఖాళీ ఇల్లు. ఆ ఖాళీ ఇంట్లో ఎవరెవరు చేరారో మున్ముందు చూద్దాం. స్టోన్డ్ వంశంలో పుట్టిన 'మైకెలాంజెలో' 1992 మార్చి 6న లక్షల డిస్కులను తుడిచేస్తుందని ప్రపంచమంతా పత్రికలు హోరెత్తించాయి. ఆ రోజు వచ్చింది, పోయింది. జరిగిన నష్టం చాటింపులో వందోవంతు కూడా లేదు.

ఈ వైరసులకు విరుగుడుగా ఒక మంత్రం పుట్టింది. డాస్ 5.0 నుంచి ఎఫ్‌డిస్క్ ప్రోగ్రాముకు ఎంబీఆర్ అనే తోక తగిలిస్తే, పంపకం పట్టిక జోలికి పోకుండా ఆ 446 బైట్ల ప్రోగ్రామును కొత్తగా రాసేది. తయారుచేసినవారు దీన్ని పుస్తకంలో రాయలేదు; నోటినోటా పాకింది. గ్రంథస్థం కాని మంత్రానికి మహిమ ఎక్కువ కదా, లేవని ప్రతి డిస్కుకూ దాన్నే జపించడం మొదలయింది. నష్టం అక్కడ మొదలయింది.

'మంకీ' అనే వైరసు ఉండేది. అది మాస్టర్ బూట్ రికార్డును గుప్తలిపిలోకి మార్చి వేరే చోట దాచేది. మొదటి సెక్టారులో పంపకం పట్టికను మిగల్చదు. వైరసు నడుస్తున్నంతసేపు అడిగినవారికి అసలు పట్టికను చూపించేది, కాబట్టి అంతా సవ్యంగా కనిపించేది. ఈ డిస్కు మీద ఆ మంత్రం ప్రయోగిస్తే వైరసు పోతుంది, దానితోపాటు దారీ పోతుంది. 1994లో వచ్చిన 'వన్ హాఫ్' ఇంకా దుర్మార్గమైనది. కంప్యూటరు లేచిన ప్రతిసారీ డిస్కు చివరినుంచి కొంచెం కొంచెం గుప్తలిపిలోకి మార్చుకుంటూ ముందుకు వచ్చేది. ఎవరైనా ఆ భాగాన్ని చదవబోతే అప్పటికప్పుడు విప్పి చూపించేది. ఆ తాళంచెవి మొదటి సెక్టారులో, వైరసు దగ్గరే ఉండేది. వైరసును కనిపెట్టామన్న సంతోషంతో మొదటి సెక్టారును శుభ్రం చేసినవారు తాళంచెవిని తామే బావిలో పారేశారు. రోగి రోగంతో చావలేదు.

వైరసు లేని డిస్కుల్లో కూడా ఇదే జరిగింది. దానికి కారణం ఒక లెక్క. బయోసు తన భాషలో 1024 సిలిండర్లు, 256 హెడ్లు, ట్రాకుకు 63 సెక్టార్ల వరకు చెప్పగలదు. ఐడీఈ డిస్కు తన భాషలో సిలిండర్లు 65536 వరకు చెప్పగలదు గాని హెడ్లు 16కు మించి చెప్పలేదు. ఇద్దరికీ ఉమ్మడిగా అర్థమయ్యేది 1024, 16, 63. వాటిని హెచ్చించి, సెక్టారుకు 512 బైట్లతో మళ్ళీ హెచ్చిస్తే వచ్చేది 52,84,82,304 బైట్లు. అంటే సుమారు 528 మెగాబైట్ల దగ్గర గోడ. విడివిడిగా ఇద్దరూ చాలా దూరం చూడగలవారే. కలిసి చూడబోతే చూపు ఆనలేదు. 1990ల నడిమికాలంలో డిస్కులు ఆ గోడను దాటేశాయి. పాత బయోసున్న యంత్రాల కోసం ఆన్‌ట్రాక్ సంస్థ డిస్క్ మేనేజర్ వంటి ప్రోగ్రాములు వచ్చాయి. ఇవి మొదటి సెక్టారులో, ఆ పక్కన ఖాళీ ఇంట్లో కూర్చొని బయోసుకూ డిస్కుకూ మధ్య దుబాసీ పని చేసేవి. ఆ డిస్కు మీద ఎఫ్‌డిస్కు మంత్రం వేస్తే దుబాసీ వెళ్ళిపోయేవాడు. మొత్తం డిస్కులో ఉన్నది ఉన్నట్టే, కానీ దానితో మాట్లాడగలవాడు లేడు. దాన్ని చూసి "డిస్కు పోయింది, ఫార్మాట్ కొట్టాలి" అని తీర్పు వచ్చేది.

బ్యాటరీ కథ చిన్నదే. 1984 ఆగస్టులో వచ్చిన పీసీ ఏటీ నుంచి, ఏ రకం డిస్కు తగిలించి ఉన్నదో యంత్రం ఒక చిన్న మెమరీలో గుర్తుపెట్టుకునేది; దాన్ని ఒక బ్యాటరీ బతికించేది. బ్యాటరీ అయిపోతే యంత్రం డిస్కునే మరిచిపోయేది. తరవాతి యంత్రాల్లో '47వ రకం' అన్న గడిలో డిస్కు కొలతలు మనమే నింపాలి. ఆ కొలతలను డిస్కు మీద అతికించిన చీటీ చూసి కాగితం మీద రాసిపెట్టుకున్నవారు అయిదు నిమిషాల్లో లేపుకున్నారు. అంకెలు తప్పు నింపి, పైగా డిస్కు మీద రాయబోయినవారి సంగతి వేరు.

ఇంతవరకు చెప్పినవన్నీ బతికి ఉన్న డిస్కులు. నిజంగా దేహానికే జబ్బు చేసిన డిస్కుల చరిత్ర మరొకటి ఉంది. 1956లో ఐబిఎమ్ వారి రామాక్‌తో వచ్చిన తొలి డిస్కు యంత్రంలో 24 అంగుళాల పళ్ళేలు యాభై ఉండేవి. మొత్తం పట్టేది 50 లక్షల అక్షరాలు. 1973లో వచ్చిన ఐబిఎమ్ 3340, అంటే విన్‌చెస్టర్ డిస్కు, ఒక కొత్త పద్ధతి తెచ్చింది. పళ్ళెం తిరుగుతున్నప్పుడు హెడ్డు గాలి తెర మీద తేలుతుంది. ఆగినప్పుడు పళ్ళెం మీదనే దిగి కూర్చుంటుంది. దాని కోసం పళ్ళెం మీద కందెన పూత. 1980లో 5 మెగాబైట్ల ఎస్‌టీ 506 నుంచి పీసీ డిస్కులన్నీ చాలా కాలం ఈ పద్ధతే అనుసరించాయి. పళ్ళేలు నునుపెక్కిన కొద్దీ కొత్త చిక్కు వచ్చింది. రెండు తడి గాజుపలకలు ఒకదానికొకటి అంటుకున్నట్టు హెడ్డు పళ్ళేనికి అంటుకుపోయేది. మోటారు చిన్నది, విడదీసే బలం లేదు. పొద్దున్నే ఆన్ చేస్తే తిరిగే శబ్దం వినిపించదు.

దీనికి ఇంగ్లీషులో 'స్టిక్షన్' అని పేరు. 1980ల చివర, 1990ల మొదట తెలిసినవారు చేసే చికిత్స ఏమిటంటే, డిస్కును చేతిలో అడ్డంగా పట్టుకొని, కరెంటు ఇచ్చే క్షణాన, పళ్ళెం తిరిగే తలంలోనే మణికట్టుతో చురుగ్గా ఒక మెలి తిప్పడం. మొరటుగా ఉన్నా దీనికి తర్కం ఉంది, ఎందుకంటే రోగం ఏమిటో తెలిసి చేసిన చికిత్స. తిరగడం మొదలయ్యాక మళ్ళీ ఆపకుండా ఉన్నదంతా మరొకచోటికి ఎత్తిపోయాలి. తరవాత హెడ్డు దిగే చోటును కావాలని గరుకుగా చేయడం, ఆ తరవాత అసలు పళ్ళెం మీద దిగకుండా పక్కనున్న వాలు మీదకి ఎక్కించడం వచ్చాక ఈ జబ్బు తగ్గింది. కానీ జ్ఞానం పోయి ఆచారం మిగిలింది. తిరుగుతూ, టిక్కు టిక్కుమని కొట్టుకుంటున్న డిస్కులను కూడా తట్టి చూసేవారు, ఫ్రిజ్జులో పెట్టేవారు బయలుదేరారు. టిక్కుమనే డిస్కులో హెడ్డు తన దారి తాను వెతుక్కోలేక గోడకు కొట్టుకుంటున్నది. దాన్ని తట్టడం, చల్లబరిచి లోపల చెమ్మ పట్టించడం వైద్యం కాదు. అటువంటిదాన్ని వెంటనే ఆపి, శుభ్రమైన గదిలో డిస్కు విప్పగలిగినవారికి అప్పగించడమే దారి.

జబ్బు శరీరానిదా, బుద్ధిదా అని తేల్చడం ఎంత కష్టమో చెప్పడానికి సీగేట్ వారి బారకూడా 7200.11 రకం డిస్కుల ఉదంతం చాలు. 2008 చివర, 2009 మొదట ఈ డిస్కులు కొన్ని ఒక ఉదయాన హఠాత్తుగా బయోసుకు కనబడటం మానేశాయి. కారణం ఏమిటంటే, డిస్కులోపల దానిదైన ఒక చిన్న కంప్యూటరు, దానిదైన ప్రోగ్రాము ఉంటాయి. అది రాసుకునే చిట్టాలో లెక్క ఒకానొక అంకె దగ్గర ఉండగా కరెంటు ఆపి ఇస్తే, ఆ ప్రోగ్రాము తట్టుకోలేక బిగుసుకుపోయేది. అంటే కంప్యూటరు లేవకపోవడం కాదు, డిస్కే లేవలేదు. తన భుజం తానెక్కే విద్య డిస్కుకూ ఉంది మరి! పళ్ళేలమీద ఉన్నది ఒక్క అక్షరం చెదరలేదు. కొందరు ఔత్సాహికులు డిస్కుకు సీరియల్ తీగలు తగిలించి, దానితో నేరుగా మాట్లాడి లేపారు. ఆ సంస్థ కూడా దిద్దిన ప్రోగ్రామును విడుదల చేసింది.

ముందుగా హెచ్చరించే ఉపాయం లేదా అంటే, 'స్మార్ట్' అనే ఏర్పాటు 1990ల నడుమ నుంచి డిస్కుల్లో ఉంది. డిస్కు తన నాడి తానే చూసుకొని చెబుతుంది. 2007లో గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి ఒక పత్రం ప్రకటించారు. చచ్చిన డిస్కుల్లో 56 శాతానికి పైగా, అతి బలమైన నాలుగు సూచికల్లో ఒక్కటి కూడా చూపకుండానే పోయాయట. అంటే నాడి చెడిందంటే నమ్మవచ్చు, బాగుందంటే నమ్మలేం.

1999 ఏప్రిల్ 26 ఒక్కరోజు ఈ చరిత్రనంతటినీ ఒక చోట చూపించింది. ఆ రోజు తైవాన్‌లో పుట్టిన సీఐహెచ్ వైరసు (చెర్నోబిల్ అని కూడా పిలిచారు) ప్రపంచమంతటా, ముఖ్యంగా ఆసియా దేశాల్లో, మేల్కొంది. డిస్కులో మొదటి ఒక మెగాబైటును సున్నలతో నింపింది. వీలైన యంత్రాల్లో బయోసును కూడా చెరిపింది. మొదటి మెగాబైటులో మాస్టర్ బూట్ రికార్డూ పోయింది, ఫైళ్ళ పట్టిక మొదటి ప్రతీ దెబ్బతిన్నది. కానీ పెద్ద డిస్కుల్లో ఆ పట్టికే ఒక మెగాబైటుకు మించి ఉండేది. దాని రెండో ప్రతి మాత్రం చెక్కుచెదరలేదు! దాని ఆధారంగా మొత్తం డిస్కును తిరిగి నిలబెట్టవచ్చు. స్టీవ్ గిబ్సన్ ఆ పనికి ఒక చిన్న ప్రోగ్రాము రాసి ఉచితంగా ఇచ్చాడు. ఆ వార్త చేరేలోపల ఎన్ని డిస్కులకు కొత్తగా విండోస్ ఎక్కించి 'బాగుచేశారో' ఊహించండి. మరమ్మతు అంటే యంత్రాన్ని లేపడమే అనుకునేవాడికి అది విజయమే. లోపల ఉన్నది కావాలనుకున్నవాడికి అది ఉత్తరక్రియ.

నేనెరిగిన ఒక పెద్దాయన ఉన్నారు. తన ఊరి మాటలను, సామెతలను పదేళ్ళపాటు కంప్యూటరులో ఎక్కించుకున్నారు. యంత్రం లేవలేదని దగ్గరున్న దుకాణానికి పంపారు. సాయంత్రానికి వచ్చింది, కొత్తదానిలా లేచింది. "ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ వేశానండీ, ఇప్పుడు ఫాస్టుగా ఉంటుంది" అన్నాడా కుర్రవాడు, సంతోషంగానే. అతణ్ణి తప్పుపట్టలేం, అతనికి నేర్పిన వైద్యమే అది. అడగవలసిన మొదటి ప్రశ్న 'లేపమంటారా, లోపలున్నది తీయమంటారా' అన్నది అతనికి ఎవరూ నేర్పలేదు.

ఆ ప్రశ్నకు రెండో జవాబు చెప్పేవారికి సాధనాలు 2000 ప్రాంతం నుంచి చేతికందాయి. క్లాస్ నాపర్ తెచ్చిన నాపిక్స్ సీడీతో హార్డుడిస్కును కదపకుండా, సీడీ నుంచే లినక్సును లేపి లోపల చూడవచ్చు. క్రిస్టాఫ్ గ్రెనియే రాసిన టెస్ట్‌డిస్క్ చెరిగిన పంపకం పట్టికను, భాగాల మొదటి సెక్టార్ల ఆనవాళ్ళు పట్టుకొని తిరిగి రాస్తుంది. 2004 నుంచి ఉన్న గ్ను డీడీరెస్క్యూ, చెడుతున్న డిస్కును ముందు తేలికగా చదవగలిగినంత చదివి, మొండి సెక్టార్లను చివరికి వదిలి, మొత్తాన్ని మరొక డిస్కు మీదకు ప్రతి తీస్తుంది. ప్రయోగాలన్నీ ఆ ప్రతి మీద. అసలు మీద ఏమీ రాయరాదు. ఈ క్రమం ఒక్కటి పాటిస్తే పైన చెప్పిన మంకీ, వన్ హాఫ్, దుబాసీ కథలన్నీ వేరుగా ముగిసేవి.

మాస్టర్ బూట్ రికార్డు గురించి చివరి మాట. దాని పట్టికలో సెక్టారు సంఖ్యకు 32 బిట్లే చోటు. 2 టెరాబైట్లు దాటితే చెప్పలేదు. ఇంటెల్ మొదలుపెట్టిన ఈఎఫ్‌ఐ ఏర్పాటులో పుట్టిన జీపీటీ పట్టిక ఆ గోడను తొలగించింది. 2012లో విండోస్ 8తో వచ్చిన యంత్రాల నుంచి ఇది సర్వసాధారణమైంది. జీపీటీ తన పట్టికను డిస్కు మొదట ఒకటి, చివర ఒకటి, రెండు ప్రతులు ఉంచుతుంది. 1983లో మరిచిపోయిన రెండో ప్రతి అలా ఇల్లు చేరింది. అంతమాత్రాన యంత్రాలు లేవకపోవడం ఆగలేదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక తప్పు ఫైలు వల్ల, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలు లేవలేదు. విమానాలు ఆగాయి. అన్ని డిస్కులూ ఆరోగ్యంగా ఉన్నాయి. ఒక ఫైలు తీసేస్తే చాలు. ఆ తీసేయడానికి లోపలికి వెళ్ళాలంటే బిట్‌లాకర్ తాళంచెవి కావాలి, అది ఎక్కడ రాసిపెట్టారో చాలాచోట్ల ఎవరికీ గుర్తు లేదు.

మన అటకల మీద ఉన్న పాత డిస్కులకు బిట్‌లాకర్ బెడద లేదు గాని మరొక చిక్కుంది. పంపకం పట్టికలూ, ఫైళ్ళ పేర్లూ అన్నీ పోయి, ఉత్త బైట్ల రాశి మాత్రమే మిగిలిన డిస్కులో తెలుగును గుర్తుపట్టడమెలా? యూనికోడులో, యూటీఎఫ్-8 పద్ధతిలో దాచిన ప్రతి తెలుగు అక్షరమూ మూడు బైట్లు. మొదటిది ఎప్పుడూ 224. రెండోది 176 గాని 177 గాని. ఈ జంట బారులు తీరి కనిపించిన చోటల్లా తెలుగు ఉన్నట్టే. ఫైలు పేరు అక్కరలేదు, ఏ ప్రోగ్రాములో రాశారో అక్కరలేదు. పాత వర్డు ఫైళ్ళలో అయితే అక్షరానికి రెండు బైట్లు, రెండోది 12. (కొత్త వర్డు ఫైళ్ళు లోపల కుదించి ఉంటాయి కనుక ఇలా నేరుగా కనబడవు, వాటికి వేరే ఆనవాళ్ళున్నాయి.)

అంతకుముందు అను ఫాంట్లలోనో, శ్రీలిపిలోనో పేజ్‌మేకరులో కూర్చిన తెలుగు ఈ విధంగా దొరకదు. ఆ ఫైళ్ళలో బైట్లు ఇంగ్లీషు అక్షరాలవీ, చిహ్నాలవీ. ఫాంటు కళ్ళద్దాలు పెట్టుకుంటేనే అవి తెలుగు. వెతికే ప్రోగ్రాముకు అది చెత్తకూ రాతకూ భేదం తెలియని రాశి. పేజ్‌మేకరు ఫైలు దొరికితే అందులో ఫాంటు పేరయినా ఉంటుంది. ఉత్త టెక్స్టుగా దాచినదైతే, ఏ ఫాంటో తెలిసిన మనిషి పక్కన కూర్చోవాలి. ఆ పెద్దాయన డిస్కు మీద కొత్త విండోస్ కూర్చున్న మేర ఎటూ పోయింది. మిగిలిన మేరలో 224, 176 జంట కోసం వెతికితే ఒక్కటీ దొరకలేదు, ఎందుకంటే ఆయన రాసింది 1990లలో. ఏ ఫాంటు వాడారని అడిగితే ఆయన కాసేపు ఆలోచించి, పుస్తకం అట్ట చూసి చెబుతానన్నారు. అచ్చయిన నలభై పేజీల సామెతల పుస్తకం ఒకటి ఉందట. దాని ఆధారంగా ఏ బైటు ఏ అక్షరమో పట్టిక వేసుకుంటున్నాం. ఇప్పటికి గుణింతాలు పూర్తయ్యాయి, వత్తులు మిగిలాయి.